హార్డ్ బాప్: ఇప్పటి రికార్డుల్లో పెద్దవాళ్ళు, కొత్తవాళ్ళు ఎక్కడ కలుస్తారు?

ప్రశ్న: పాతరికార్డు

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా నేను హార్డ్ బాప్ (1950ల్లో అమెరికాలో బ్లూస్, చర్చి పాటల ఛాయలతో పెరిగిన జాజ్ శైలి) తప్ప దాదాపు మరో సంగీతం వినడం లేదు. 1954 నుంచి 1965 దాకా వచ్చిన రికార్డులను ఒక్కోదాన్ని వారం పాటు, వరుసగా వింటూ వచ్చాను. ఆర్ట్ బ్లేకీ, హొరేస్ సిల్వర్, హ్యాంక్ మోబ్లీ, లీ మోర్గన్, సోనీ క్లార్క్, డెక్స్‌టర్ గోర్డన్ ఇప్పుడు నాకు ఇంట్లోవాళ్ళంత దగ్గరయ్యారు. ట్రంపెట్ నాలుగు స్వరాలు పలికేసరికే వాయిస్తున్నది మోర్గనా, ఫ్రెడీ హబ్బర్డా అన్నది చాలాసార్లు చెప్పగలుగుతున్నాను.

ఈ మధ్య అదే బాటలో ఇప్పటివాళ్ళు చేసిన రికార్డులు వినడం మొదలుపెట్టాను. చిక్కు అక్కడ వచ్చింది. వాద్యం మీద పట్టు చూస్తే వీళ్ళు ఎవరికీ తీసిపోరు. ధ్వని కూడా అద్దంలా తేటగా ఉంటుంది. అయినా ఒకసారి విన్నాక మళ్ళీ పెట్టుకోవాలని మనసు లాగదు. లోపం ఆ రికార్డులదో, పాతవాటికి అలవాటుపడిపోయిన నా చెవిదో తేల్చుకోలేకపోతున్నాను.

అనుభవం ఉన్నవాళ్ళను రెండు సంగతులు అడగాలనుకుంటున్నాను. ఆ తొలి తరంలో పనిచేసిన పెద్దలు తమ తరవాతివాళ్ళతో కలిసి చేసిన రికార్డుల్లో తప్పక వినవలసినవి ఏవి? వాటిని వినేటప్పుడు చెవి దేనిమీద పెట్టాలి? పేర్ల పట్టిక ఒక్కటే ఇస్తే నాకు పెద్దగా ఉపయోగపడదు. ఎందుకు వినాలో కూడా రాస్తే మేలు చేసినవారవుతారు.

జవాబు: మూడోచెయ్యి

పాతరికార్డు గారూ, మీ రెండో ప్రశ్న నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే మొదటిదానికి జవాబు అందులోనే ఉంది. నేను డ్రమ్స్ నేర్చుకుంటున్నవాణ్ణి కాబట్టి నా చెవి సహజంగా అటే పోతుంది; కానీ ఈ సంగీతంలో పెద్దవాడు చిన్నవాడికి పాఠం చెప్పేది ఎక్కువగా డ్రమ్స్ మీదనుంచే అని నా నమ్మకం.

మీరు ఇష్టపడే పాత రికార్డుల్లో చాలావరకు అప్పట్లో పెద్దవాళ్ళూ కుర్రవాళ్ళూ కలిసి చేసినవే. 1954 ఫిబ్రవరి 21 రాత్రి న్యూయార్క్‌లోని బర్డ్‌లాండ్ క్లబ్బులో బ్లేకీ డ్రమ్స్ వాయించినప్పుడు ఆయన వయసు 34. పక్కన ట్రంపెట్ మీద ఉన్న క్లిఫర్డ్ బ్రౌన్‌కు 23, పియానో దగ్గర ఉన్న హొరేస్ సిల్వర్‌కు 25. ఆ రాత్రి మైకు ముందుకు వచ్చి, తాను కుర్రవాళ్ళతోనే ఉంటాననీ, వీళ్ళు పెద్దవాళ్ళైపోతే ఇంకా చిన్నవాళ్ళను తెచ్చుకుంటాననీ బ్లేకీ చెప్పిన మాట రికార్డులోనే ఉంది. 1990లో చనిపోయేదాకా ఆ మాట నిలబెట్టుకున్నాడు. వేన్ షార్టర్, ఫ్రెడీ హబ్బర్డ్, సీడర్ వాల్టన్, ఆ తరవాత బాబీ వాట్సన్, వింటన్ మార్సాలిస్, టెరెన్స్ బ్లాంచర్డ్ అందరూ ఆ బృందంలోంచి నడిచి వచ్చినవాళ్ళే.

ఇప్పుడు బ్లేకీ బృందం చేసిన “మోనిన్” తీసి మళ్ళీ వినండి. 1958 అక్టోబరు 30న న్యూజెర్సీలోని హ్యాకెన్‌శాక్‌లో సౌండ్ ఇంజినీరు రూడీ వాన్ గెల్డర్ దాన్ని రికార్డు చేశాడు. లీ మోర్గన్‌కు అప్పుడు ఇరవై ఏళ్ళు. ఆ బాణీ కట్టిన పియానో వాద్యకారుడు బాబీ టిమ్మన్స్‌కు ఇరవై రెండు. పియానో ఒంటరిగా ఒక మాట అడిగినట్టు పలుకుతుంది. బృందమంతా రెండు దెబ్బల్లో, చర్చిలో భక్తులు ఆమెన్ అన్నట్టుగా, బదులిస్తుంది. తరవాతి ఎనిమిది బార్లలో (బార్ అంటే ఇక్కడ నాలుగు దెబ్బల కొలత) అదే మాట బూరలు అందుకుంటాయి. మధ్య భాగం వచ్చేసరికి నడక మారి, అంతవరకు ఆపి ఉంచిన వేగమంతా విడిచిపెట్టినట్టు దరువు సాగిపోతుంది. ఆ మధ్య భాగం మొదట లేనే లేదు. టిమ్మన్స్ ఆ ఎనిమిది బార్ల ముక్కను ఊరికే వాయించుకుంటూ ఉంటే, విన్న టెనర్ శాక్సొఫోన్ వాద్యకారుడు బెన్నీ గోల్సన్ పట్టుబట్టి మిగతాది కట్టించాడు.

మోర్గన్ తన సోలో (ఒక్కడే అప్పటికప్పుడు కల్పించుకుని వాయించే భాగం) ముగించే చోట ఆగండి. చివర ఒక చిన్న పదం పలికి వదిలేస్తాడు. గోల్సన్ తన సోలోను సరిగ్గా ఆ పదాన్నే అందుకుని మొదలుపెడతాడు. ఇరవై ఏళ్ళ కుర్రవాడు చేతిలో పెట్టినదాన్ని ఇరవై తొమ్మిదేళ్ళ పెద్దవాడు తీసుకుని, తిప్పి చూసి, తనదిగా చేసుకోవడం అది. ఆ సందులో బ్లేకీ ఏం చేస్తున్నాడో కూడా వినండి. రెండో దెబ్బ మీద, నాలుగో దెబ్బ మీద అతని హైహ్యాట్ (కాలితో మూసే జంట తాళాలు) తలుపు గడియ పడ్డట్టు మూసుకుంటుంది. ఒక కోరస్ (బాణీ మొత్తం ఒక చుట్టు) ముగిసే చోట స్నేర్ డ్రమ్ మీద రెండు కర్రలూ నొక్కి పట్టి ఒక రోల్ (ఎడతెగని గబగబ మోత) మొదలుపెడతాడు. అది సన్నగా మొదలై, గది నిండేదాకా ఉబ్బి, కొత్త కోరస్ మొదటి దెబ్బ దగ్గర ఠక్కున తెగుతుంది. సోలో వాయించేవాడు ఇంకా చెప్పవలసింది ఉందా లేదా అని ఆలోచించుకునే వ్యవధి దొరకదు. ఆ రోల్ అతన్ని ఎత్తి తరవాతి మెట్టు మీద నిలబెడుతుంది. నేను ఈ రోల్‌ను ఏడాదిగా సాధన చేస్తున్నాను. చేతులకు అది వచ్చింది కానీ, ఎప్పుడు మొదలుపెట్టాలన్న విచక్షణ ఇంకా రాలేదు. అదొక్కటే అసలు విద్య అనిపిస్తుంది.

ఇక మీ మొదటి ప్రశ్న. లూయిస్ హేస్ డెట్రాయిట్‌లో 1937లో పుట్టాడు. పందొమ్మిదేళ్ళకే హొరేస్ సిల్వర్ బృందంలో చేరి, తరవాత 1959 నుంచి 1965 దాకా శాక్సొఫోన్ వాద్యకారుడు కేనన్‌బాల్ ఆడర్లీ దగ్గర వాయించాడు. ఎనభయ్యో ఏట, 2017లో, తన పాత గురువుకు నివాళిగా “సెరినేడ్ ఫర్ హొరేస్” చేశాడు. బ్లూ నోట్ రికార్డుల సంస్థలో నాయకుడిగా ఆయనకు అదే మొదటి రికార్డు. అందులో టెనర్ శాక్సొఫోన్ వాయించిన ఏబ్రహం బర్టన్, ట్రంపెట్ వాయించిన జాష్ ఎవన్స్, బేస్ వాయించిన డెజ్రాన్ డగ్లస్ ముగ్గురూ హార్ట్‌ఫర్డ్‌లో శాక్సొఫోన్ వాద్యకారుడు జాకీ మెక్లీన్ దగ్గర నేర్చుకున్నవాళ్ళు. ఆ మెక్లీన్ 1950ల్లో బ్లేకీ బృందంలో వాయించినవాడు. అంటే సిల్వర్ దగ్గర నేర్చుకున్న హేస్ ఒకవైపు, బ్లేకీ దగ్గరనుంచి వచ్చిన మెక్లీన్ శిష్యులు మరొకవైపు నిలబడి, మధ్యలో సిల్వర్ కట్టిన బాణీలు పెట్టుకుని వాయిస్తున్నారన్న మాట. పాత సిల్వర్ బృందంలో లేని వైబ్రఫోన్ ఇందులో ఉంది. స్టీవ్ నెల్సన్ వాయించే ఆ లోహపు పలకల చల్లని మోత వల్ల మీకు బాగా తెలిసిన బాణీ కూడా కొత్త వెలుగులో కనబడుతుంది.

జవాబు: వెదురుపుల్ల

మూడోచెయ్యి గారు చెప్పినవాటిలో చాలావరకు ఒప్పుకుంటాను. కానీ పాతరికార్డు గారి అసంతృప్తిని అంత తేలికగా పక్కన పెట్టడం న్యాయం కాదు. తప్పు ఆయన చెవిది కాదని నా అభిప్రాయం.

వాన్ గెల్డర్ హ్యాకెన్‌శాక్ స్టూడియో అంటే ఆయన తల్లిదండ్రుల ఇంట్లోని ముందు గది. 1959లో ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌కు మారేదాకా ఆ గదిలోనే అందరూ ఒకరికొకరు ఎదురుగా నిలబడి వాయించారు. ట్రంపెట్ మోత డ్రమ్స్ మైకులోకి కారేది. ఒకరు పొరబడితే ఆ ఒక్క ముక్కనే తిరిగి అతికించే వీలు దాదాపు లేదు. అందరూ మళ్ళీ మొదటినుంచి వాయించవలసిందే. దానికి తోడు బ్లూ నోట్ యజమాని ఆల్‌ఫ్రెడ్ లయన్ రికార్డింగుకు ముందు సాధన చేసిన రోజులకు కూడా వాద్యకారులకు డబ్బు ఇచ్చేవాడు. కొత్త బాణీలు అంత నమ్మకంగా పలకడానికి అదొక ముఖ్య కారణం. ఇప్పటి రికార్డుల్లో ఎన్నో, ఒక్కొక్కరిని ఒక్కో గాజు గదిలో కూర్చోబెట్టి, తరవాత దిద్ది, తుడిచి బయటికి తెచ్చినవి. మీకు మళ్ళీ వినాలనిపించకపోవడానికి ఈ శుభ్రత కొంత కారణమై ఉంటుంది.

రెండో కారణం మరీ లోతైనది. నివాళి రికార్డులు మితిమీరాయి. ఒక పాత రికార్డును తీసుకుని, అదే వరుసలో, అదే నడకలో, అదే వాద్యాలతో వాయించి, దానికి గౌరవం అని పేరు పెడితే, వినేవాడు మూలాన్నే వెతుక్కుంటూ పోతాడు. ఈ జబ్బు ఈనాటిది కూడా కాదు. లీ మోర్గన్ 1963 డిసెంబరులో రికార్డు చేసిన “ది సైడ్‌వైండర్” మరుసటి ఏడాది విడుదలై అనుకోనంతగా అమ్ముడుపోయింది. పన్నెండు బార్ల బ్లూస్‌ను ఇరవై నాలుగుకు పెంచి, నడుము కదిలించే దరువు మీద పది నిమిషాలు దాటి సాగిన బాణీ అది. ఆ తరవాత కొన్నేళ్ళపాటు బ్లూ నోట్ రికార్డులు ఎన్నింటిలోనో మొదటి పాటగా అలాంటి దరువే కనబడుతుంది. మోర్గన్‌కు అది దొరికిన వస్తువు. తరవాతివాళ్ళకు అది అప్పగించిన పని. ఆ తేడా చెవికి వెంటనే తెలుస్తుంది.

అదే బాణీని ఎలా వాయించాలో చూడాలంటే, పియానో వాద్యకారిణి రెనీ రోస్నెస్ నాయకత్వంలో మహిళలు నడిపే ఆర్టెమిస్ బృందం 2020లో బ్లూ నోట్‌కు చేసిన తొలి రికార్డు వినండి. ఇందులో వాళ్ళు మోర్గన్ బాణీ నడకను బాగా తగ్గించి, దాని ఎముకలు బయటపడేలా చేశారు. నాట్యానికి పనికొచ్చే దరువు పోయి, కింద ఉన్న బ్లూస్ పైకి తేలింది. నివాళి అన్న మాటకు నేను అంగీకరించే అర్థం ఇది.

పెద్దవాళ్ళ సంగతికి వస్తే, ది కుకర్స్ బృందాన్ని తప్పక వినమంటాను. 1965లో బ్రూక్లిన్‌లో ఫ్రెడీ హబ్బర్డ్, లీ మోర్గన్ ఒకే వేదిక మీద తలపడ్డ రాత్రుల రికార్డు పేరులోంచి ఈ బృందం తన పేరు తీసుకుంది. బిల్లీ హార్పర్, ఎడ్డీ హెండర్సన్, జార్జ్ కేబుల్స్, సెసిల్ మెక్‌బీ, బిల్లీ హార్ట్ లాంటి పెద్దలకు తోడుగా వాళ్ళకంటే ఒక తరం చిన్నవాళ్ళైన డొనాల్డ్ హారిసన్, డేవిడ్ వైస్ ఉన్నారు. హార్పర్, హారిసన్ ఇద్దరూ వేర్వేరు కాలాల్లో బ్లేకీ దగ్గర పనిచేసినవాళ్ళే. 2021లో వచ్చిన “లుక్ అవుట్!” వినండి. వాళ్ళు వాయించేది చాలావరకు తాము కట్టుకున్న బాణీలే కాబట్టి, ఎవరికీ నకలు తీయవలసిన అవసరం రాలేదు. ఆ వయసులో హార్పర్ టెనర్ శాక్సొఫోన్‌లోంచి లాగే మోత వింటే, ఈ సంగీతాన్ని గడిచిపోయినదిగా తలచుకోవడం కష్టం.

జవాబు: నీలిస్వరం

నేను శాక్సొఫోన్ నేర్చుకున్నాను, ఇప్పుడు కొద్దిమందికి నేర్పుతున్నాను కూడా. అందుచేత ఈ ప్రశ్నను నేను గురువుల వైపునుంచి చూస్తాను.

ఛార్లెస్ మెక్‌ఫర్సన్ డెట్రాయిట్‌లో పెరిగాడు. అక్కడ పియానో వాద్యకారుడు బ్యారీ హ్యారిస్ ఇల్లు కుర్రవాళ్ళకు బడిలాంటిది. ఒక రోజు బడినుంచి వస్తున్న మెక్‌ఫర్సన్ చేతిలోని మార్కుల పత్రం హ్యారిస్ చూశాడు. అన్నీ నడిమి రకం మార్కులే. ఈ సంగీతం వాయించాలనుకునేవాడు నడిమి రకంగా ఉండడానికి వీల్లేదని ఆయన చెప్పాడు. ఆ రోజునుంచి తాను పుస్తకాలు పట్టి చదవడం మొదలుపెట్టానని మెక్‌ఫర్సన్ ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. హ్యారిస్ 2021 డిసెంబరులో చనిపోయాడు. 2024లో మెక్‌ఫర్సన్ న్యూయార్క్‌లోని స్మోక్ క్లబ్బులో శ్రోతల ముందు వాయించిన రికార్డు “రెవరెన్స్” వచ్చింది. దాన్ని ఆయన తన గురువుకే అంకితమిచ్చాడు. ఎనభై దాటిన మనిషి ఆల్టో శాక్సొఫోన్ మీద ఒక్కో వాక్యాన్ని అంత తొందరలేకుండా, అంత పదునుగా ముగించడం వింటే నాకు వాద్యం పక్కన పెట్టి కూర్చోవాలనిపించింది. ట్రంపెట్ మీద టెరెల్ స్టాఫర్డ్ తోడున్నాడు. వెదురుపుల్ల గారు చెప్పిన గాజు గదుల ఇబ్బంది ఇందులో లేదు. గ్లాసుల చప్పుడు, చప్పట్లు, వాద్యకారుల ఊపిరి అన్నీ ఒకే గాలిలో వినబడతాయి.

అదే క్లబ్బు 2014లో రికార్డుల సంస్థ మొదలుపెట్టినప్పుడు మొదటగా తెచ్చింది హెరాల్డ్ మేబర్న్ “రైట్ ఆన్ టైమ్”. మేబర్న్ మెంఫిస్ మనిషి. లీ మోర్గన్ దగ్గర వాయించినవాడు. 1981 నుంచి న్యూజెర్సీలోని విలియం పాటర్సన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. టెనర్ వాద్యకారుడు ఎరిక్ అలెగ్జాండర్, డ్రమ్స్ వాయించే జో ఫార్న్స్‌వర్త్ అక్కడ ఆయన శిష్యులు. వాళ్ళు ఆయన్ను తరగతి గదిలో వదిలేసి పోలేదు. 1992లో అలెగ్జాండర్ తన మొదటి రికార్డు చేసినప్పుడు పియానో దగ్గర కూర్చున్నది గురువుగారే, ఆ తరవాత దశాబ్దాలపాటు కూర్చున్నదీ ఆయనే. మేబర్న్ బడిస్నేహితుడు జార్జ్ కోల్‌మన్ 2019లో చేసిన “ది క్వార్టెట్”లో కూడా ఈ గురుశిష్యులు మళ్ళీ కలుస్తారు. అక్కడ ఫార్న్స్‌వర్త్ ఇద్దరు పెద్దల మధ్య ఎంత తగ్గి వాయిస్తాడో గమనించండి. చెయ్యి ఎత్తవలసిన చోట ఎత్తకుండా ఉండడం కూడా నేర్చుకోవలసిన విద్యే.

ఇంకా చిన్నవాళ్ళలో, 1990లో పుట్టిన పియానో వాద్యకారుడు ఎమెట్ కోహెన్ చేసిన పని నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. పెద్దల వరస అన్నట్టుగా ఒక్కో రికార్డుకు ఒక్కో పెద్దవాణ్ణి పిలిచాడు: 2017లో డ్రమ్స్ వాద్యకారుడు జిమ్మీ కాబ్, 2018లో బేస్ వాద్యకారుడు రాన్ కార్టర్, తరవాత బెన్నీ గోల్సన్, జార్జ్ కోల్‌మన్. కోల్‌మన్‌కూ అతనికీ మధ్య యాభై ఐదేళ్ళ తేడా ఉంది. టెనర్ వాద్యకారిణి నికోల్ గ్లోవర్ 2021లో చేసిన “స్ట్రేంజ్ ల్యాండ్స్”లో కొన్ని పాటలకు జార్జ్ కేబుల్స్ పియానో వాయించాడు. పియానో లేనప్పుడు ఆమె విశాలంగా తిరుగుతుంది, కేబుల్స్ వచ్చాక ఒక్కో స్వరాన్ని ఎంచుకుని పెడుతుంది. పెద్దవాడు గదిలోకి వస్తే చిన్నవాళ్ళ మాట ఎలా మారుతుందో ఒకే రికార్డులో తెలుసుకోవచ్చు.

పాతరికార్డు గారికి నా సలహా ఒకటే. టెనర్ వాద్యకారుడు హ్యాంక్ మోబ్లీ “సోల్ స్టేషన్” మీకు తెలిసే ఉంటుంది. అందులోని “దిస్ ఐ డిగ్ ఆఫ్ యూ” విని, వెంటనే జిమ్మీ కాబ్ 2019లో అదే పేరుతో చేసిన రికార్డు పెట్టండి. ఏమనిపించిందో రాయండి.

తిరుగు జవాబు: పాతరికార్డు

ముగ్గురికీ కృతజ్ఞతలు. నీలిస్వరం గారు చెప్పినట్టే నాలుగు రాత్రులు ఆ రెండూ ఒకదాని వెంట ఒకటి విన్నాను.

1960 ఫిబ్రవరి 7 నాటి మోబ్లీ రికార్డులో మొదటి సోలో నాయకుడిది కాదు, పియానో వాయించిన వింటన్ కెల్లీది. ఇన్నాళ్ళుగా వింటున్నా నేను దీన్ని పట్టించుకోలేదు. మోబ్లీ తన బాణీ చెప్పేసి పక్కకు తప్పుకుంటాడు. కెల్లీ నవ్వుతూ పరుగెత్తినట్టు వాయించి ముగించాక అప్పుడు అందుకుంటాడు. చివరికి వచ్చేసరికి బ్లేకీ వంతు. అందరికంటే పెద్దవాడైన ఆ బ్లేకీ వెనకనుంచి ఎంత తోస్తున్నా మోబ్లీ గొంతు పెంచడు. మూడోచెయ్యి గారు చెప్పిన రోల్ ఎక్కడెక్కడ మొదలవుతుందో ఇప్పుడు వేలితో చూపించగలను.

కాబ్ రికార్డులో శాక్సొఫోనే లేదు. ఆ బాణీ పీటర్ బర్న్‌స్టీన్ గిటారు మీద పలుకుతుంది. పియానో మేబర్న్, బేస్ జాన్ వెబర్. మొదటిసారి విన్నప్పుడు ఏదో తగ్గిందనిపించింది. మూడో రాత్రి సంగతి తెలిసింది. కెల్లీ, ఆ మోబ్లీ రికార్డులో బేస్ వాయించిన పాల్ ఛేంబర్స్, ఈ కాబ్ ముగ్గురూ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ బృందంలో కలిసి ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళు. తన ఇద్దరు మిత్రులు ఒకప్పుడు వాయించిన బాణీని, వాళ్ళిద్దరూ పోయి అర్ధశతాబ్దం కావస్తుండగా, తొంభయ్యేళ్ళ కాబ్ మళ్ళీ ఎత్తుకున్నాడు. అతని రైడ్ సింబల్ (దరువు నడిపించే పెద్ద తాళం) మీద దరువు ఎక్కడా ఒత్తి చెప్పదు, ఎక్కడా వెనకబడదు. ఆ రికార్డు వచ్చిన కొద్దివారాలకే మేబర్న్, మరుసటి ఏడాది మే నెలలో కాబ్ కన్నుమూశారని తెలిశాక నాలుగో రాత్రి వినడం వేరుగా ఉంది. నేను ఇంతకాలం కొత్త రికార్డుల్లో 1958 నాటి వేడిని వెతికాను. అక్కడ వినవలసింది ఒకరి వెనక ఒకరు నడిచే తీరు అని ఇప్పుడు అర్థమవుతోంది. అయినా వెదురుపుల్ల గారి మాట కూడా నాకు నిజమే అనిపిస్తోంది. నేను ఇంతకుముందు విని పక్కన పెట్టిన నాలుగు రికార్డులు మళ్ళీ తీసి చూశాను. వాటిలో మూడు అచ్చం పాతవాటి నకళ్ళే.

చివరిగా ఒక చిన్న ప్రశ్న. మీ మాటలను బట్టి, స్టూడియోలో ఒక రకంగా, శ్రోతల ముందు మరో రకంగా వాయిస్తారనిపిస్తోంది. ఒకే బృందం, అవే బాణీలు రెండు చోట్లా వాయించిన రికార్డులు ఉన్నాయా?

జవాబు: మూడోచెయ్యి

ఉన్నాయి. బ్లేకీ బృందం 1959 మార్చి 8న హ్యాకెన్‌శాక్‌లో ఒక రికార్డు చేసింది: మోర్గన్, మోబ్లీ, టిమ్మన్స్, బేస్ మీద జిమ్మీ మెరిట్. దాన్ని అప్పుడు విడుదల చేయలేదు. ఏప్రిల్ 15న అదే అయిదుగురు బర్డ్‌లాండ్‌లో శ్రోతల ముందు వాయించినప్పుడు వాటిలో చాలా బాణీలు మళ్ళీ వచ్చాయి. ఆ రాత్రి వాయించినదే “ఎట్ ద జాజ్ కార్నర్ ఆఫ్ ద వరల్డ్” పేరుతో బయటికి వచ్చింది. మార్చి నాటి స్టూడియో రికార్డు 2020 దాకా బీరువాలోనే ఉండిపోయి, అప్పుడు “జస్ట్ కూలిన్” పేరుతో వచ్చింది. ముందు స్టూడియోది వినండి, తరవాత క్లబ్బుది. రెండింటిలోనూ ఉన్న బాణీ ఒకటి ఎంచుకుని, మోర్గన్ సోలో ముగిసే చోట బ్లేకీ ఎడమ చెయ్యి ఏం చేస్తుందో పోల్చి చూడండి. ఆ రెండు రోజుల మధ్య ఉన్నది అయిదు వారాలే.